ప్రార్థనకు ముందు ఇంజిన్ హెడ్డు విప్పండి



తెనాలిలో ఉండి ఇది చదివే సహోదరులకు ఈ సంగతి కొంచెం దూరంగా అనిపించవచ్చు. రేపల్లె అవతల నిజాంపట్నం హార్బరులోనో, బాపట్ల దగ్గర సూర్యలంక ఒడ్డునో బోటున్న మన కుటుంబాలకు మాత్రం ఇది ఇంటి సంగతే. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మన తూర్పు తీరమంతటా ఇంజిన్ బోట్లకు వేట నిషేధము. జూన్ 14 అర్ధరాత్రి దాటిందంటే చాలు, ఒకరినొకరు తోసుకుంటూ బయలుదేరతారు. రెండు నెలలు వల పడని నీళ్లు. ముందు వెళ్లినవాడికి రొయ్య, ముందు తిరిగొచ్చినవాడికి ధర. దీన్ని పందెము అనక ఏమనాలి?

ఆ పందేనికి ముందు అయ్యగారిని పిలుస్తారు. బోటుకు రంగులు వేయించి, అణియం మీద వాక్యం రాయించి, వల సర్ది, ప్రార్థన చేయమంటారు. సంతోషంగా వెళ్తాను. కాని నేను ముందు అడిగే ప్రశ్న ఒకటుంది: "హెడ్డు విప్పారా? వాల్వులు చూశారా?" కొందరు నొచ్చుకుంటారు. "ప్రార్థనకు పిలిస్తే మెకానిక్కు లెక్కలు అడుగుతారేంటి అయ్యగారూ" అంటారు. ఎందుకు అడుగుతానో చెప్తాను, ఓపికగా చదవండి.

డీజిల్ ఇంజిన్‌లో ఒక్కో సిలిండరుకు గాలి లోపలికి వచ్చే వాల్వు, పొగ బయటికి పోయే వాల్వు ఉంటాయి. ఇంజిన్ నిమిషానికి 1500 సార్లు తిరిగితే ఒక్కో వాల్వు 750 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. గంటకు 45,000 సార్లు. పది గంటలకు నాలుగున్నర లక్షలు! ప్రతిసారీ దాన్ని వెనక్కి లాగి మూసేది ఒక చిన్న స్ప్రింగు. వాల్వును స్ప్రింగుకు పట్టి ఉంచేవి చిటికెన వేలి గోరంత లాకులు. నడి సముద్రంలో ఆ స్ప్రింగు విరిగినా లాకు ఊడినా వాల్వు సిలిండరులోకి జారుతుంది, పిస్టను దాన్ని కొడుతుంది. అంతటితో ఇంజిన్ పని అయిపోయినట్టే. ఒడ్డున కొన్ని వందల రూపాయల సామాను అది.

"ఏప్రిల్‌లో కట్టేసినప్పుడు బాగానే నడిచింది కదా" అనేది నేను ఎక్కువగా వినే మాట. కట్టేసిన ఇంజిన్‌లో ఏదో ఒక వాల్వు తెరిచే ఉండిపోతుంది. సైలెన్సరు గొట్టం గుండా ఉప్పుగాలి రెండు నెలలు లోపలికి పోతుంది. వాల్వు కాడకు తుప్పు పడుతుంది, అది గైడులో బిగుసుకుంటుంది. జూన్‌లో ఒక్కసారిగా స్టార్టు చేస్తే పుష్‌రాడ్ వంగుతుంది. అంటే ఏప్రిల్‌లో మీరు ఆపిన ఇంజిన్ వేరు, జూన్‌లో మీరు తిప్పబోయే ఇంజిన్ వేరు.

ఇంకో సంగతి. టాపెట్లు టకటకమని కొట్టుకుంటుంటే సరంగుకు కంగారు, చప్పుడు తగ్గితే నిశ్చింత. వాల్వు, సీటు అరిగేకొద్దీ వాల్వు లోపలికి దిగిపోతుంది, టాపెట్ సందు తగ్గుతుంది, చప్పుడూ తగ్గుతుంది. సందు పూర్తిగా పోతే వాల్వు గట్టిగా మూసుకోదు. ఆ సన్నని ఖాళీలోంచి మంటలాంటి పొగ దూసుకుపోయి అంచును కాల్చేస్తుంది. అంటే ఇంజిన్ నెమ్మదించడం కూడా ఒక గుర్తే. కొన్ని సంఘాలు కూడా ఇలాగే నెమ్మదిస్తాయి, ఆ మాట మరోసారి.

విప్పినప్పుడు ఏం చూడాలో పనివాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. యజమానులు మాత్రం పక్కన నిలబడి చూడండి. ఏ వాల్వు ఏ సిలిండరుదో గుర్తు పెట్టారా? కాడను మైక్రోమీటరుతో కొలిచారా, లేక వేలితో తడిమి సరే అన్నారా? గైడులో పెట్టి ఊపితే ఆడుతోందా? అంచు పలచబడిందా? పలచబడితే గ్రైండింగ్ చేయించి మళ్లీ వాడొద్దు, పారేయండి. పాత స్ప్రింగును కొత్తదాని పక్కన నిలబెట్టండి. పొట్టిగా కనబడినా, ఒక పక్కకు ఒరిగినా దాని పని అయిపోయింది. లాకులు, సీళ్లు అడగకుండానే కొత్తవి వేయించండి. పేస్టు పెట్టి రుద్దిన తరువాత సీటు చుట్టూ బూడిద రంగు గీత తెగకుండా రావాలి. హెడ్డును తిరగేసి పోర్టులో కిరోసిన్ పోయండి, కారితే మళ్లీ రుద్దాల్సిందే. టాపెట్ సందు ఫీలర్ గేజితో, ఇంజిన్ పుస్తకంలో ఉన్న కొలతకే పెట్టించండి.

కారు పందేలవాళ్లు గెలిచిన ఇంజిన్‌ను కూడా నమ్మరు. నడిచిన గంటలు లెక్కపెట్టి స్ప్రింగులు మార్చేస్తారు. 1986లో రెనో కంపెనీ తన ఫార్ములా వన్ ఇంజిన్‌లో ఇనుప స్ప్రింగులే తీసేసి గాలి ఒత్తిడితో వాల్వులు మూయించింది. ఒక కప్పు కోసం వాళ్లకంత జాగ్రత్త. మన బోటులో ఉండేది పిల్లల తండ్రులు.

డబ్బు సంగతి నాకు తెలుసు. పని చేయించాల్సిన రెండు నెలలే చేతిలో రూపాయి ఆడని నెలలు. 2025లో ప్రభుత్వం నిషేధకాలపు సాయాన్ని 10,000 నుండి 20,000 రూపాయలు చేసింది, మంచిదే. అది బియ్యానికీ పిల్లల ఫీజులకూ సరిపోతే గొప్ప, ఇంజిన్ దాకా రాదు. షావుకారు దగ్గర తెస్తే చేప ధరలో కోస్తాడు. అందుకే "ఈ ఏడాదికి లాగించేద్దాం" అంటారు. ఆ లాగింపు భారం పడేది కళాసీల మీద. ఖర్చులు పోను మిగిలినదే వాటాలు కాబట్టి, దారిలో ఇంజిన్ ఆగితే డీజిలూ ఐసూ దండగై వాళ్లు ఉత్త చేతులతో ఇల్లు చేరతారు. చేరితే.

ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెప్తున్నాను. ప్రథమ ఫలముల కానుకకు దాచిన డబ్బుంటే, ఇంజిన్‌కు వాల్వులు కావాలంటే, ముందు వాల్వులు కొనండి. పాస్టరే ఇలా అంటాడా అనుకోవద్దు. దేవునికి అర్పితమని చెప్పి తల్లిదండ్రులకు చేయవలసింది ఎగ్గొట్టినవారిని ప్రభువు ఎంత గట్టిగా గద్దించారో మార్కు సువార్త 7వ అధ్యాయంలో చదవండి. కళాసీ ప్రాణానికి చెందవలసిన డబ్బు కానుక పెట్టెలోకి వస్తే నాకు సంతోషం లేదు.

యాకోబు, యోహానులను ప్రభువు పిలిచినప్పుడు వాళ్లు వేటలో లేరు, దోనెలో కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. అక్కడ మార్కు వాడిన గ్రీకు క్రియకు చెందిన మాటే పౌలు ఎఫెసీయులకు రాస్తూ పరిశుద్ధులను సిద్ధపరచడం గురించి వాడాడు. వల బాగుచేయడానికీ విశ్వాసిని సిద్ధపరచడానికీ ఒకే మాట! కాబట్టి మే నెల ఎండలో గ్రీజు చేతులతో హెడ్డు దించుతున్న తమ్ముడు "ఈ వారం ఆరాధనకు మనసు నిలవడం లేదు అయ్యగారూ" అంటే, నువ్వు చేసేదీ సేవేనయ్యా అంటాను. (ఆదివారం రావద్దని కాదు సుమా.)

అపొస్తలుల కార్యములు 27లో పౌలు వద్దన్నా ఓడ యజమాని మాట, నావికుని మాట చెల్లింది. దక్షిణపు గాలి మెల్లగా వీచేసరికి అంతా అనుకూలమే అనుకున్నారు. తరువాత ఏమైందో మీకు తెలుసు. మన దగ్గర 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. తుపాను హెచ్చరిక ఫోనులోకీ వైర్‌లెస్‌లోకీ ముందే వస్తుంది. అది విన్న తరువాత ఒడ్డు చేరాలంటే మాత్రం ఇంజిన్ నడవాలి.

కాబట్టి ఈ ఆదివారం ఆరాధన తరువాత బోటున్న కుటుంబాలూ కళాసీలూ కాసేపు ఆగండి. ఎవరు హెడ్డు విప్పారో, ఎవరికి సామానుకు డబ్బు తక్కువైందో దాపరికం లేకుండా మాట్లాడుకుందాం. సంఘ సహాయ నిధిలోంచి వడ్డీ లేకుండా ఇవ్వమని పెద్దలను అడుగుతున్నాను, యజమాని మొదటి నాలుగు వేటల్లో తీర్చవచ్చు. తెనాలిలో, రేపల్లెలో లేతు షాపు పని తెలిసిన సహోదరులెవరైనా ఉంటే మీరూ రండి. వచ్చేటప్పుడు తీసేసిన పాత స్ప్రింగు ఒకటి, కొత్తది ఒకటి పట్టుకురండి, బల్ల మీద పక్కపక్కన నిలబెట్టి అందరం చూద్దాం.