ఝ్వీ ఊరి చీటిగుడ్డ

మన పాత ఇళ్ళలో చీటిగుడ్డ అనే మాట ఉండేది. పరుపు గలేబులకూ పిల్లల పరికిణీలకూ వాడే అద్దకపు గుడ్డ అన్నమాట. ఇంగ్లీషువారి 'చింట్స్' దీనికి చుట్టమే. ఫ్రెంచివారు మరీ సూటిగా 'ఇందియెన్' అన్నారు. అంటే ఇండియా సరుకు అని. బందరు మొదలైన మన తూర్పుతీరపు రేవుల్లో ఓడలెక్కిన ఈ గుడ్డమీద ఫ్రాన్సులో ఎంత మోజు పుట్టిందంటే, అక్కడి పట్టు, ఉన్ని నేతవాళ్ళు తమ నోట మట్టి పడిందని గగ్గోలు పెట్టారు. 1686లో ప్రభుత్వం నిషేధించింది. తేనూకూడదు, అక్కడ అద్దనూకూడదు. మోజు చట్టానికి లొంగుతుందా? దొంగచాటుగా కట్టుకుంటూనే ఉన్నారు. చివరికి 1759లో నిషేధం ఎత్తేశారు.

మరుసటి ఏడే, ఇరవై రెండేళ్ళయినా నిండని ఓబర్‌కాంఫ్ అనే జర్మన్ కుర్రవాడు వెర్సాయికి దగ్గర ఝ్వీ అనే పల్లెలో, ఏటి ఒడ్డున అద్దకం కార్ఖానా పెట్టాడు. దాని పేరే 'త్వాల్ ద ఝ్వీ'. త్వాల్ అంటే గుడ్డ. మనం ఉప్పాడ చీర అన్నట్టే ఇదీను.

ఏటి ఒడ్డే ఎందుకంటారా? అద్దకమంటే రంగు పూయడమని చాలామంది అనుకుంటారు. కాదు సుమండీ. అచ్చుతో గుడ్డమీద వేసేది పటిక ద్రావకమూ, ఇనుప ద్రావకమూ. తర్వాత మన మంజిష్ఠకు చుట్టమైన ఒక వేరుతో కాచిన నీళ్ళలో ముంచితే, పటిక పడ్డచోట ఎరుపు, ఇనుము పడ్డచోట నలుపు తేలుతాయి. తక్కినచోట అంటిన మరక పోవాలంటే పేడనీళ్ళు కావాలి, పారే ఏరు కావాలి, పచ్చికమీద రోజులతరబడి ఎండ కావాలి. ఈ కిటుకు మన తీరపు అద్దకంవాళ్ళకు ఏనాటినుంచో తెలుసు. దాన్ని 1742లో ఉత్తరంగా రాసి ఫ్రాన్సుకు పంపినవారిలో ఫాదర్ కేర్దూ ఒకడు. తెలుగు మేష్టరును కనక చెప్పకుండా ఉండలేను: తెలుగు, ఫ్రెంచి, సంస్కృత నిఘంటువు కూర్చినవాడూ ఈయనే. మాటలతోపాటు కరక్కాయ, గేదెపాల సంగతులు కూడా మనవాళ్ళనుంచి రాబట్టాడు!

ఝ్వీకి పేరు తెచ్చింది 1770 నుంచి వాడిన రాగిరేకు. కొయ్య అచ్చుకు అందని సన్నగీత రాగిమీద పలుకుతుంది. రేకు పెద్దది కనక ఒక కథంతా పడుతుంది. రెండో రంగును గీతకు గీత కలపడం కష్టం కనక ఒకే రంగు. 1783లో హ్యూయే అనే చిత్రకారుడు ఆ కార్ఖానాకు గీసిన మొదటి బొమ్మ ఆ కార్ఖానాయే: ఉతికేవాళ్ళు, ఆరేసేవాళ్ళు, అచ్చు వేసేవాళ్ళు. అయితే లోకం మెచ్చింది ఆ తర్వాత వచ్చిన గొర్రెలకాపరులనూ, ప్రేమికులనూ. 1843లో కార్ఖానా మూతపడింది.

గుడ్డకు మాత్రం ఆయుస్సు తీరలేదు. 1947లో క్రిస్టియన్ డియోర్ పారిస్‌లోని తన దుకాణాన్ని దీనితోనే అలంకరింపజేశాడు. 2018లో అదే సంస్థకు మరియా గ్రాజియా కియూరి గొర్రెలను తోలేసి అడవిమృగాలను దించింది. బాగానే ఉన్నది. కాని నా ఓటు మరి రెండింటికి. 2004లో గ్లాస్గో నగరపు టిమరస్ బీస్టీస్ వారు వేసిన గుడ్డ దూరంనుంచి చూస్తే అచ్చం పాతదే. దగ్గరికి వెళితే ఇల్లులేనివాళ్ళూ, మత్తుమందు మరిగినవాళ్ళూ కనబడతారు. 2006లో న్యూయార్కులో షీలా బ్రిడ్జెస్ అనే నల్లజాతి కళాకారిణి తన ఇంటికి తగిన బొమ్మ ఎక్కడా దొరకక తానే గీసుకున్నది. అందులో తాడాట ఆడే పిల్లలు, జడలు అల్లుకునే ఆడవాళ్ళు, బాస్కెట్‌బాలు. అందరూ పద్దెనిమిదో శతాబ్దపు ఆహార్యంలో! తమ జాతిని గురించి ఇతరులు చెప్పుకునే పోచికోలు మాటలకు అది నవ్వుతూ వేసిన చురక. ఆ బొమ్మల్లో చోటు ఎవరికన్నది వీళ్ళిద్దరూ అడిగారు.

ఒక లోటు మాత్రం నాకు తీరడంలేదు. తిరిగి వచ్చింది బొమ్మే, అద్దకం కాదు. ఇప్పటి ఝ్వీ తరహా గుడ్డల్లో చాలాభాగం యంత్రాలు ముద్రించేవే. వేరూ లేదు, ఏరూ లేదు. బందరు పక్క పెడనలో ఇంకా కరక్కాయ నీళ్ళలో గుడ్డ నానవేసేవాళ్ళున్నారు. తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరవేసి నలుపు తీస్తారు, కాలవలో ఉతుకుతారు. హ్యూయే గీసిన ఆ మొదటి బొమ్మను వాళ్ళముందు పరిస్తే, ఏటిలో నిలబడ్డ మనిషి చేసే పని ఏమిటో నేను చెప్పనక్కరలేదు.