సబ్బుల కంపెనీ ఇచ్చిన ఇంటిపేరు

సర్ఫ్, రిన్, లైఫ్‌బాయ్... ఈ మూడింట్లో ఒక్కటైనా లేని ఇల్లు మన వీధుల్లో ఉంటుందా చెప్పండి! మా అమ్మ రోజుల్లో అయితే డాల్డా కూడా ఈ లెక్కలోదే. డబ్బా ఖాళీ కాగానే కడిగి కందిపప్పు పోసుకునేవాళ్లు, తుప్పు పడితే అందులోనే తులసి మొక్క నాటేవాళ్లు. ఇవన్నీ తయారుచేసింది హిందుస్తాన్ లీవర్ కంపెనీ. 2007లో హిందుస్తాన్ యూనిలీవర్ అని పేరు మార్చుకుంది.

ఈవిడేమిటి, ఈ వారం సబ్బులు అమ్ముతోంది అనుకోకండి. ఈ కంపెనీ పేరునే తన పేరులో కలిపేసుకుని దేశాన్నంతా నవ్వించిన ఒకాయన గురించి చెప్దామని. ఆయనే జానీ లీవర్. "హిందీ సినిమాల్లో కదా!" అంటారు. నిజమే, కానీ మాతృభాష మన తెలుగే. అసలు పేరు జాన్ ప్రకాశరావు జనుమల. ఒంగోలు వైపు కనిగిరిలో 1957 ఆగస్టు 14న పుట్టారు.

ఆయన ఇప్పుడెందుకు గుర్తొచ్చారంటే, మా వీధిలో ఒకావిడ మొన్న నన్నో ప్రశ్న అడిగింది. "వదినా, మా అమ్మాయి ఇంజనీరింగు మూడో సంవత్సరం. శనివారం సాయంత్రాలు మైకు పట్టుకుని జోకులు చెప్పడానికి వెళ్తోందట. వాళ్ల నాన్నకి తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తారు. ఇది కూడా ఒక పనేనా? కూడు పెడుతుందా?" అని. ఆవిడ ఒక్కతే కాదు, ఇప్పుడు చాలామంది తల్లులకి ఇదే బెంగ. డాక్టరు, ఇంజనీరు అంటే మనకి దారి తెలుసు. నవ్వించడం అంటే ఏ దారిన వెళ్తారో, ఎక్కడ తేలతారో ఏం తెలుస్తుంది? అందుకే ఆ దారిన నడిచి గట్టెక్కిన మనిషి కథ చెప్తాను.

ఆరుగురు పిల్లల్లో పెద్దవాడు

జానీ లీవర్ పెరిగింది బొంబాయిలో. ధారావి, కింగ్స్ సర్కిల్ ప్రాంతంలో కూలినాలి చేసుకునేవాళ్ల మధ్య. తండ్రి హిందుస్తాన్ లీవర్‌లో కార్మికుడు. ముగ్గురు చెల్లెళ్లు, ఇద్దరు తమ్ముళ్లు, తను పెద్దవాడు. తండ్రికి తాగుడు అలవాటుండేదని ఆయనే ఇంటర్వ్యూల్లో దాచకుండా చెప్పుకున్నారు. తాగుడున్న ఇంట్లో సరుకులు నెలాఖరు దాకా వస్తాయా! ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ వాళ్ల స్కూల్లో ఏడో తరగతి దాకా చదివి, డబ్బుల్లేక మానేశాడు.

ఆ వయసులో మన పిల్లలు టిఫిన్‌లో ఉప్మా పెడితే మూతి ముడుస్తారు. ఈ పిల్లవాడేమో బొంబాయి రోడ్ల మీద పెన్నులు అమ్మాడు. ఊరికే "పెన్నులోయ్, పెన్నులు" అంటే ఎవరు కొంటారు? సినిమా హీరోల గొంతుతో పిలుస్తూ, వాళ్లలాగే గంతులేస్తూ అమ్మేవాడు. జనం ఆగేవాళ్లు, నవ్వేవాళ్లు, ఓ పెన్ను కొనేవాళ్లు. నవ్విస్తే పైసలొస్తాయని మొదట అక్కడే తెలిసింది. అన్నట్టు, చిన్నప్పుడు కొన్నాళ్లు మన పాతబస్తీ యాకుత్‌పురాలో కూడా ఉన్నాడు. మన సికింద్రాబాదులో ఫలక్‌నుమా రైలెక్కితే కాచిగూడ, మలక్‌పేట, డబీర్‌పురా దాటాక వచ్చే స్టేషనే. అక్కడి జనం మాట్లాడుకుంటుంటే వినాలి... మామూలు మాటలోనే సగం చమత్కారం ఉంటుంది! ఆ హైదరాబాదీ యాస జానీ హాస్యంలో ఇప్పటికీ తొంగిచూస్తుంది.

పెద్దసార్లని అనుకరిస్తే...

కాస్త పెద్దవాడయ్యాక తండ్రి పనిచేసే కంపెనీలోనే కూలిపనికి చేరారు. 100 కిలోల డ్రమ్ములు ఎత్తే పని. పని మధ్యలో తోటివాళ్లని నవ్విస్తూ ఉండేవారు. ఒకసారి కంపెనీ ఫంక్షన్లో స్టేజీ ఎక్కించారు. ఎక్కి ఏం చేశారనుకున్నారు? ముందు వరసలో కూర్చున్న పెద్ద ఆఫీసర్లనే అనుకరించారు! నడక, దగ్గు, తిట్టు అన్నీ దింపేశారు. కార్మికులు పొట్టలు పట్టుకుని నవ్వారు. "జానీ లీవర్" అన్న పేరు ఆ కార్మికులు పెట్టిందే. వేరెవరైనా అయితే ఆ మాట ఆ రోజుకి నవ్వేసి మర్చిపోయేవాళ్లు. ఈయన జీవితమంతా పెట్టుకున్నారు.

ఇక్కడొక్క మాట గమనించండి. ఆయన ఎగతాళి చేసింది పైవాళ్లని. ఊడ్చే మనిషినో, నత్తి ఉన్నవాడినో కాదు. మన ఇళ్లల్లో పెళ్లిళ్లప్పుడు నవ్వులెలా పుట్టిస్తాం? లావుగా ఉన్న ఆడపడుచు మీదా, నల్లగా ఉన్న కోడలి మీదా! అందరం నవ్వుతాం, ఆ పిల్ల కూడా పైకి నవ్వుతుంది. రాత్రి దిండు తడుపుతుంది. నవ్వించడంలో కూడా మంచీ చెడూ ఉన్నాయి.

జీతం ఎప్పుడు వదిలారు?

నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదీ. పేరొచ్చింది కదా అని మర్నాడే ఉద్యోగం మానెయ్యలేదు. పగలు ఫ్యాక్టరీ, సాయంత్రం ఆర్కెస్ట్రా షోలు. రెండూ మోశారు. షోలు పెరిగిపోయి ఫ్యాక్టరీకి సెలవులెక్కువయ్యాక, స్టేజీ మీద వచ్చేది ఇల్లు నడవడానికి సరిపోతుందని తేలాక, అప్పుడు 1981లో రాజీనామా చేశారు. వెనకాల అంత సంసారం ఉన్న మనిషి కదా, చూసి అడుగేశారు.

ఆ తరవాత కల్యాణ్‌జీ ఆనంద్‌జీ బృందంలో చేరడం, 1982లో అమితాబ్ బచ్చన్‌తో విదేశాల్లో షోలు తిరగడం, అదే సంవత్సరం సునీల్‌దత్ "దర్ద్ కా రిష్తా" సినిమాలో వేషం ఇవ్వడం చకచకా జరిగిపోయాయి. "హసీ కే హంగామే" అని క్యాసెట్టు కూడా తెచ్చారు. ఒక్క మనిషి, ఒక్క మైకు, ఎదురుగా జనం. ఇప్పుడు మన పిల్లలు స్టాండప్ అంటున్నది దీన్నే. మన దేశంలో ఆ బాట వేసిన మొదటివాళ్లలో ఈయనొకరు. 1993లో వచ్చిన "బాజీగర్"లో మతిమరుపు బాబూలాల్‌ని చూసి నవ్వని వాళ్లు ఉండరు. "దీవానా మస్తానా", "దూల్హే రాజా" సినిమాలకి ఫిలింఫేర్ అవార్డులు వచ్చాయి. మొత్తం 300 సినిమాలు దాటాయి.

మన వైపు ఇలాంటి విద్య లేదా అంటే, ఓరుగల్లు నేరెళ్ల వేణుమాధవ్ గారు లేరూ! 1932లో పుట్టి 2018లో పోయారు. గొంతునే నమ్ముకుని ప్రపంచం చుట్టొచ్చారు. 2001లో పద్మశ్రీ ఇచ్చారు. మిమిక్రీని పాఠంలా నేర్పించవచ్చని తెలుగు విశ్వవిద్యాలయంలో నేర్పి చూపించారు.

ఇంట్లో మనిషి

జానీ లీవర్ 1984లో సుజాత గారిని పెళ్లి చేసుకున్నారు. అమ్మాయి జేమీ, అబ్బాయి జెస్సీ. అబ్బాయి చిన్నతనంలో గొంతులో కణితి వచ్చింది. ఊరంతా నవ్వించి ఇంటికొస్తే ఇంట్లో ఆ దిగులు. మర్నాడు మళ్లీ ముఖానికి రంగేసుకుని నవ్వించాలి. చివరికి అమెరికాలో ఆపరేషన్ అయి పిల్లవాడు గట్టెక్కాడు. ఆ కష్టం తనని మనిషిగా మార్చిందని, దైవభక్తిలోకి వచ్చానని ఆయన చాలాసార్లు చెప్పారు.

ఇక అమ్మాయి. మొదట బుద్ధిగా చదివించారు. లండన్‌లో మార్కెటింగ్ చదివి, అక్కడే ఉద్యోగం కూడా చేసింది. ఆ తరవాతే తండ్రి దారిలోకి వచ్చింది. 2015లో సినిమాల్లోనూ అడుగుపెట్టింది. ఆశా భోంస్లే గొంతు అచ్చుగుద్దినట్టు దింపుతుంది! ఏడో తరగతితో ఆగిన తండ్రి, కూతురి చేతిలో ముందు డిగ్రీ పెట్టాకే మైకు పెట్టారన్నమాట.

ఆడపిల్లకి ఈ పని నప్పుతుందా అనే అనుమానం ఉంటే అమృత్‌సర్ అమ్మాయి భారతీ సింగ్‌ని చూడండి. రెండేళ్లప్పుడే తండ్రి పోతే తల్లి కష్టపడి పెంచింది. 2008లో టీవీలో నవ్వుల పోటీకి వచ్చి, తన లావు మీద తనే జోకులేసుకుని, ఇవాళ సొంత కాళ్ల మీద నిలబడింది.

మరి మనమేం చెయ్యాలి?

ఇంట్లో పిల్లో పిల్లాడో ఈ దారి పట్టినట్టుంటే నాకు తోచిన నాలుగు మాటలు:

1. ఇంటికొచ్చిన చుట్టాన్ని అనుకరిస్తే వీపు మీద ఒక్కటివ్వకండి. చుట్టం వెళ్లాక "మళ్లీ చెయ్యి" అనండి. మనుషుల్ని అంత శ్రద్ధగా చూడగలగడం అందరికీ రాదు.

2. చదువో, ఉద్యోగమో ఒకటి చేతిలో ఉండగానే మొదలుపెట్టమనండి. దేన్ని ఎప్పుడు వదలాలో ఆదాయం లెక్క చెప్తుంది, మనసు కాదు.

3. ఒకసారి మీరూ వెళ్లి చూడండి. లమకాన్ లాంటి చోట్ల ఓపెన్ మైక్ అని పెడతారు. కొత్తవాళ్లకి తలా నాలుగైదు నిమిషాలు ఇస్తారు. జనం నవ్వకపోతే ఎంత నరకమో కళ్లారా చూస్తే, అది సోమరిపోతుల పని కాదని తెలుస్తుంది. రాత్రి ఇంటికెలా వస్తుందో, తోడెవరో ముందే మాట్లాడుకోండి.

4. జోకు ఎవరి మీదో అడగండి. గొప్పవాళ్ల మీదా, తన మీద తనా అయితే భేష్. పనిమనిషి మీదా, కుంటివాడి మీదా అయితే అక్కడే ఆపండి. ఆ ఒక్కటీ నేర్పాల్సింది మనమే, కాలేజీ నేర్పదు.

మా వదినగారికి కూడా ఇదే చెప్పాను. ఇంక వాళ్లాయనకి చెప్పే ధైర్యం ఆవిడదే!

పిల్లల్ని నవ్వనివ్వండి, మీరూ కాస్త నవ్వండి. వచ్చేవారం ఆవకాయ జాడీలు కడిగి ఎండబెట్టే పద్ధతుల గురించి మాట్లాడుకుందాం.