కట్టెల పాక కట్టడమూ చదువే

హాస్టల్ మిత్రులారా! డిగ్రీ చేతికి రాగానే గడ్డపార పట్టడం నామోషీ అనుకునేవాళ్లు మనలో ఎక్కువవుతున్నారు. మా అభిప్రాయం వేరు. మన ఇళ్లలో తొలి డిగ్రీలు మనవే కావచ్చు, తొలి విద్య మాత్రం అమ్మానాన్నలదే.

కట్టెల పాకనే తీసుకోండి. పచ్చి మొద్దు బరువులో దాదాపు సగం నీళ్లే. పొయ్యిలో పెడితే ముందు ఆ నీళ్లు ఆవిరి కావాలి. అందాకా మంట రాదు, పొగ కమ్ముతుంది. ఆ పొగంతా అమ్మ కళ్లలోకి, ఊపిరితిత్తుల్లోకే. అందుకే నాన్నలు వానలకు ముందే గుంజలు పాతుతారు. వాసాల మీద తాటాకు కప్పుతారు. నైరుతి జల్లు కొట్టే పడమటి వైపు తడిక కట్టి, మిగతా వైపులు గాలికి వదిలేస్తారు. చెమ్మ, చెద ఎక్కకుండా మొద్దుల కింద రాళ్లు పరుస్తారు. ఇది సైన్సు కాదా?

కులం పనినే కాదు, పనిచేసేవాళ్లనే విభజించిందని అంబేద్కర్ గారు 1936లో 'కుల నిర్మూలన'లో తేల్చారు. చదువుకున్న మనం చేతిపనిని చిన్నచూపు చూస్తే, ఆ గోడను మన ఇంట్లోనే లేపినట్టు.

అలాగని మనవాళ్లు ఎప్పటికీ కట్టెలే మోయాలని మేము అనడం లేదు. 2016లో ఉజ్వల పథకం వచ్చినా, సిలిండర్ నింపించుకోలేని ఇళ్లలో కట్టెల పొయ్యి ఇంకా ఆరలేదు. అందరికీ అందే ధరకు గ్యాసు కావాలని గట్టిగా అడుగుదాం. అది వచ్చేదాకా అమ్మను పొగలో వదిలేయలేం కదా! ఈ వేసవి సెలవుల్లో నాన్న పక్కన నిలబడి ఒక గుంజ పాతుదాం. పట్టా చూపించి కాదు, పని నేర్చుకుని ఆయనకు గౌరవమిద్దాం.