గట్టు మీద కాపలా

ఏ సముద్రతీరానికైనా వెళ్ళి చూడండి. ఇసుకలో ఒక చెప్పుల గుట్ట, ఒక తువ్వాళ్ళ మూట, నాలుగు చేతిగడియారాలు, నాలుగు సెల్‌ఫోన్లు, వాటి పక్కన ఒక ఆడమనిషి కనిపిస్తుంది. మగవాళ్ళు నడుంలోతు నీళ్ళలో కేరింతలు కొడుతుంటారు. ఆవిడ మాత్రం కాపలా కాస్తుంటుంది. మరీ సరదా పుడితే లేచి వెళ్ళి, కుచ్చిళ్ళు రెండంగుళాలు పైకెత్తి, పాదాలు తడుపుకుని, ఫొటో తీయించుకుని, మళ్ళీ వచ్చి గుట్ట పక్కన కూర్చుంటుంది. "మీరు దిగరా అండీ?" అని అడగండి. "అమ్మో, నాకు నీళ్ళంటే భయం!" అంటుంది.

ఈ భయం ఆవిడకు పుట్టుకతో వచ్చిందా, మనం పెట్టిందా? మనం పెట్టిందేనని నా వాదం. సాక్ష్యం కావాలంటే నేనే ఉన్నాను. నలభై ఆరేళ్ళు నిండినదాన్ని.

మా పుట్టిల్లు రామగిరి ఖిల్లా కింద ఒక పల్లె. ఎండాకాలం సెలవుల్లో మా బాపు మా అన్న నడుముకు బెండ్లు కట్టి పొలం బాయిలోకి తోశాడు. వాడు నాలుగు గుటకలు నీళ్ళు తాగి, కెవ్వున అరిచి, మూడోరోజుకల్లా బెండ్లు విప్పేసి చేపపిల్లలా ఈదాడు. వాడికప్పుడు ఎనిమిదేళ్ళు, నాకు ఆరు. నాకప్పగించిన ఉద్యోగం ఏమిటంటే, వాడి అంగీ లాగూ కోతులెత్తుకుపోకుండా గట్టు మీద కాపలా కాయడం! "నేనూ దిగుత బాపూ" అంటే "ఆడపిల్లవు, నీకెందుకు బిడ్డా" అన్నాడు. మంచివాడే మా బాపు. నన్ను బి.ఏ. దాకా చదివించాడు. బాయిలోకి మాత్రం దిగనివ్వలేదు.

పెళ్ళయి గోదావరిఖని వచ్చాను. ఇక్కడ బొగ్గుగనిని కూడా బాయి అనే అంటారు. మా వారు గనిలో ఓవర్‌మన్. మగవాళ్ళు రెండు బాయిల్లోనూ దిగుతారు. ఆడవాళ్ళం రెండింటికీ గట్టుమీది వాళ్ళమే. 1952 గనుల చట్టం ఆడవాళ్ళు భూగర్భంలో పనిచేయకూడదంది. 2019లో గానీ, అదీ కొన్ని షరతులతో, ఆ అడ్డు తొలగలేదు. నిజానికి అంతకుముందు తరాల్లో మన దేశపు బొగ్గుగనుల్లో ఆడవాళ్ళు దిగి తట్టలు మోసినవాళ్ళే. 1930లలో ప్రభుత్వం వద్దంది. యుద్ధానికి బొగ్గు చాలక 1943లో కొన్ని ప్రాంతాల్లో మళ్ళీ దిగమంది. యుద్ధం ముగిశాక 1946లో మళ్ళీ పైకి రమ్మంది! ఆడదాని సౌకుమార్యం ఎవరి అవసరాన్ని బట్టి పెరిగి తరుగుతుందో మీరే చూడండి.

ఇక అసలు కథ. ఆ మధ్య ఒక పెళ్ళికని వరంగల్లులో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి విశాఖ వెళ్ళాం. మా మేనకోడలు అక్కడే ఉద్యోగం చేస్తోంది. ఆదివారం పొద్దున్నే "రా అత్తా, రుషికొండ పోదాం" అంది. పోయాం. నేను యథాప్రకారం చెప్పుల పక్కన చతికిలబడ్డాను. అది మాత్రం తనకంటే పొడవైన పలకొకటి చంకన పెట్టుకుని నీళ్ళలోకి నడిచింది. కెరటం వెనకనుంచి వస్తుంటే పలక మీద లేచి నిలబడి, నురగతో పాటు ఒడ్డుకు జారుకుంటూ వచ్చింది. దీన్ని సర్ఫింగ్ అంటారట. నేను నోరు తెరుచుకు చూశాను. "నీకూ నేర్పిస్తారు, రా అత్తా" అంది.

మా వారు వెంటనే అందుకున్నారు. "ఈ వయసుల నీకిదేం పని? నడుమిరిగితె ఎవలు చూస్తరు?" అన్నారు. ఆయన రోజూ వెయ్యి అడుగుల లోతుకు దిగితే ఎవరు చూస్తారని నేనెప్పుడైనా అడిగానా? ఆ మాటే పైకి అనేసి లేచాను.

నేర్పే కుర్రాడిది జాలరి కుటుంబం. నాకు ఈత రాదని ముందే చెప్పాను. లైఫ్ జాకెట్ తొడిగి, నడుంలోతు దాటనివ్వనన్నాడు. మొదటి పాఠం నీళ్ళలో కాదు, ఇసుకలో. పలక మీద బోర్లా పడుకోవాలి. చేతులతో తెడ్డు వేసినట్టు నీళ్ళు తోయాలి. కెరటం పలకను పట్టుకోగానే అరచేతులు రొమ్ముల పక్కన ఆనించి, ఒక్క ఊపున లేచి, ఒక పాదం ముందుకూ ఒక పాదం వెనక్కూ వేసి, మోకాళ్ళు వంచి నిలబడాలి. ఏ కాలు ముందుండాలో తేల్చడానికి చెప్పాపెట్టకుండా వెనకనుంచి చిన్నగా తోశాడు. పడకుండా ఏ కాలు ముందుకు వేశానో అదే ముందు కాలట! పలక కొట్టుకుపోకుండా దాని తాడును వెనక కాలి మడమకు కట్టాడు. ఆ తర్వాత పడడం నేర్పాడు. తలకిందులుగా దూకకూడదు, వెల్లకిలా వాలాలి, పైకి తేలేటప్పుడు చేతులు తలకు అడ్డం పెట్టుకోవాలి, పలకను తనకూ కెరటానికీ మధ్య ఉంచుకోకూడదు.

పడడానికి కూడా ఒక పాఠం ఉంటుందని నాకు నలభై ఆరేళ్ళకు తెలిసింది. మనిళ్ళలో ఆడపిల్లకు పడకుండా నడవడమే నేర్పుతారు. పడిందా, ఊరంతా చూస్తుంది. కనుకనే కొత్తది ఏదీ మొదలుపెట్టం. మొదలుపెట్టినవాళ్ళెవరైనా పడక తప్పదు కదా!

పదకొండుసార్లు పడ్డాను. ముక్కులో ఉప్పునీళ్ళు, చెవుల్లో ఇసుక, మోకాళ్ళు చీరుకుపోయాయి. పన్నెండోసారి కుర్రాడు ఒడ్డునుంచి అరిచాడు. "కిందకి సూస్తే కిందకే పడతారమ్మా! ఎటెళ్ళాలో అటు సూడండి!"

నాయనా, ఊహ తెలిసినప్పటినుంచీ తల దించుకు నడవమని నేర్పారు మాకు. ఈ పలక మీదికొచ్చి ఒక్కపూటలో తల ఎత్తమంటే ఎలా? అయినా ఎత్తాను. నిలబడ్డాను. ఎంతసేపంటారా? ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేంతసేపు. ఆ మూడంకెలూ నావి. మళ్ళీ పడ్డాను, అది వేరే సంగతి.

ఇంటికొచ్చి ఈ ముచ్చట చెబితే మా కాలనీలో ఒకావిడ మూతి విరిచింది. "మొక్కై వంగనిది మానై వంగునా వదినా?" అంది. ఈ సామెత కనిపెట్టిన మహానుభావుణ్ణి ఒక్కసారి రుషికొండకు తీసుకుపోవాలని నా కోరిక. మొక్కగా ఉన్నప్పుడు వంగనివ్వరు, మానయ్యాక వంగలేవంటారు. మరి ఆడది వంగేదెప్పుడు?

డిటెక్టివ్ నవలల అగాథా క్రిస్టీ పేరు విననివారుండరు. భర్తతో ప్రపంచయాత్ర చేస్తూ ఆవిడ 1922లో దక్షిణాఫ్రికాలో ఈ పలక మీద పడుకుని తేలడం, ఆ తర్వాత హొనొలులులో ఏకంగా నిలబడడం నేర్చింది. అప్పటికామెకు ముప్ఫై దాటాయి, ఇంటిదగ్గర ఒక కూతురుంది. ఎన్నిసార్లు పడిందో, కాళ్ళెలా కోసుకుపోయాయో తన ఆత్మకథలో మొహమాటం లేకుండా చెప్పుకుంది. ఈ ఆట పుట్టిన హవాయి దీవుల్లో రాణులూ రాజులూ, ఆడా మగా అందరూ కెరటాలెక్కేవారు. 1915లో డ్యూక్ కహానమోకు అనే హవాయి వీరుడు సిడ్నీ తీరంలో తన పలక మీదికి ఇసబెల్ లెథమ్ అనే పదిహేనేళ్ళ పిల్లను ఎక్కించుకున్నాడు. ఆ పిల్ల పెద్దయి ఎందరికో ఈత నేర్పింది. మన దేశంలో ఇషితా మాలవీయ కర్ణాటక తీరంలో చదువుకుంటూ ఈ విద్య పట్టింది. వీళ్ళంతా ఆకాశంనుంచి దిగిరాలేదు. ఎవరో ఒకరు పలక చేతికిచ్చి "ఎక్కు" అన్నారు, అంతే.

"ఇవన్నీ డబ్బున్నోళ్ళ సరదాలు" అంటారు కొందరు. అయ్యా, తెప్ప మీద కెరటాన్ని చీల్చుకుపోయి, మళ్ళీ కెరటం మీదే ఒడ్డుకు చేరే విద్య మన జాలరులకు తరతరాలుగా ఉంది. అది వాళ్ళ బువ్వ. ఆ ఇళ్ళలో కూడా మగవాడు తెప్ప మీద, ఆడది ఒడ్డున చేపల గంపతో. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఏం జరిగింది? ఇండోనేషియాలోని ఆచేలో, మన తమిళనాడు కడలూరు తీరంలో తాము చూసిన గ్రామాల్లో మగవాళ్ళకంటే ఆడవాళ్ళు ఎన్నో ఎక్కువమంది పోయారని ఆక్స్‌ఫామ్ సంస్థ 2005లో చెప్పింది. మగపిల్లలకు ఈతా చెట్లెక్కడమూ వచ్చు, ఆడవాళ్ళకు రాదు అన్నది ఆచేలో వాళ్ళు చూసిన కారణాల్లో ఒకటి. 2021లో ప్రపంచం మొత్తం మీద సుమారు 3 లక్షలమంది నీట మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. బడి పిల్లలందరికీ ఈత నేర్పండని ఆ సంస్థే మొత్తుకుంటోంది. ఇంత చావు కళ్ళముందుంటే ఈతను సరదా అంటామా?

మా గోదావరి సంగతే చూడండి. బొగ్గు తవ్విన ఖాళీల్లో నింపడానికి ఈ నది ఇసుకనే గనులకు తోలేవారు. పుష్కరాలకు, శివరాత్రికి వేలమంది ఆడవాళ్ళం అందులో మునుగుతాం. మునగడం మాత్రమే వచ్చు మాకు, తేలడం రాదు! 2027లో మళ్ళీ పుష్కరాలొస్తున్నాయి. ఘాట్లకు సున్నాలు వేస్తారు, బట్టలు మార్చుకునే గదులు కడతారు. మంచిదే. ఈలోగా ఊరికొక ఈతకొలనులో ఆడవాళ్ళకంటూ ఒక గంట కేటాయించి, నేర్పడానికొక ఆడమనిషిని పెట్టమని అడిగితే అది గొంతెమ్మ కోరికా?

ఇక గౌరవం మాట. తడిసిన బట్టలతో నలుగురిలో ఎలా అంటారు. పొడుగుచేతుల బిగుతు చొక్కా, చీలమండల దాకా పైజమా, ఈతకని ప్రత్యేకంగా దొరుకుతాయి. నేను వేసుకున్నవవే. ఆరుగజాల చీర నీళ్ళలో కాళ్ళకు చుట్టుకుని మనిషిని కిందికి లాగుతుంది. ప్రాణం తీసే బట్టను గౌరవమనీ, ప్రాణం నిలిపే బట్టను సిగ్గుచేటనీ అనేవాళ్ళతో నాకు పేచీ.

నా మాట విని రేపే సముద్రంలోకి పరుగెత్తకండి. నేర్పేవాళ్ళు లేకుండా, ఈత రాకుండా దిగడం ధైర్యం అనిపించుకోదు. ఒడ్డునుంచి లోపలికి లాగే ప్రవాహంలో చిక్కుకుంటే దానికి ఎదురీది అలిసిపోవద్దని, ఒడ్డు వెంబడి పక్కకు ఈది బయటపడాలని ఆ కుర్రాడే చెప్పాడు. అయితే ఈదడం వచ్చినవాళ్ళకు కదా ఆ సలహా! ఆ ముక్క నా గుండెలో గుచ్చుకుంది.

అందుకే ఈ ఎండాకాలం మా అన్న పొలానికి వెళ్ళాను. "బెండ్లు కట్టు" అన్నాను. వాడు నవ్వలేదు, కట్టాడు. మా పెద్దమ్మ గట్టు మీద నిలబడి "నలుగురు నవ్వుతరే!" అని తిడుతూనే ఉంది. వారం రోజులకు బాయి ఆ దరినుంచి ఈ దరికి, కుక్క ఈదినట్టే అనుకోండి, ఈదగలిగాను. అప్పుడామె గొంతు తగ్గించి, "నీళ్ళు సల్లగున్నయా?" అని అడిగింది.

ఆ పక్కనే మా అన్న మనవరాలు, ఆరేళ్ళది, మగపిల్లల అంగీలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "అవి అక్కడ పడేసి రావే" అన్నాను. "కోతులెత్తుకపోతయి నానమ్మా" అంది.

పోతే పోనీ!