బకెట్ కిందికి దించండి

ఎత్తిన బకెట్ కింద మనిషి నిలబడకూడదు. బండి ఆపి దిగేటప్పుడు బకెట్ నేలకు ఆని ఉండాలి. ఈ రెండు మాటలు చెప్పడానికే ఈ సంపాదకీయం రాస్తున్నాం. తొందర పని ఉన్నవారు ఇక్కడితో ఆపి వెళ్లిపోయినా ఫర్వాలేదు, ఈ రెండూ పాటిస్తే చాలు. మిగతాది ట్రాక్టర్ యజమానులకు, వాళ్ల దగ్గర బండి తోలే కుర్రాళ్లకు, ఆ బండిని పనికి పిలిచే మేస్త్రీలకు.

దుక్కి దున్నే మామూలు ట్రాక్టర్‌కు ముందు రెండు ఇనుప చేతులు, వాటి చివర ఒక బకెట్ బిగిస్తే లోడర్ తయారవుతుంది. విశాఖలో దీనికి పని లేని రోజు ఉండదు. జేసీబీ పట్టని సందులోకి దూరుతుంది, అద్దె తక్కువ. గాజువాక, పెదగంట్యాడ, అగనంపూడి వైపు ఇసుక, మట్టి, కంకర, బూడిద, కాలువల్లోంచి తీసిన పూడిక, అన్నీ దాని మూతి ముందుకే వస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరి చెట్లను పడగొట్టాక రోడ్లు తెరిపించడానికి ఊళ్లోని ప్రతి యంత్రానికీ పని పడింది. తుపాన్ల నెలలు మళ్లీ ఎదురుగా ఉన్నాయి. ఆ రోజుల్లో నేల తడిసి ఉంటుంది, కరెంటు తీగలు వేలాడుతుంటాయి, పని మాత్రం నిన్నటికే అయిపోవాలంటారు. అందుకే ఇప్పుడే చెబుతున్నాం.

ట్రాక్టర్ పుట్టింది వెనక నుంచి లాగడానికి. బరువు వెనక, పెద్ద చక్రాలు వెనక, గట్టి ఇరుసు వెనక. ముందు చక్రాల పనల్లా దారి చూపడమే. అలాంటి బండికి ముందు బరువు వేలాడదీస్తే ఏమవుతుందో ఏతాం చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పావు ఘనపు మీటరు పట్టే చిన్న బకెట్‌నే తీసుకోండి. అందులో బొగ్గు నింపితే సుమారు 200 కిలోలు. తడి ఇసుకైతే 450 దాటుతుంది. ఇనుప ఖనిజం పొడైతే 600 కిలోల దగ్గరికి వస్తుంది. బొగ్గూ ఖనిజమూ రెండూ తిరిగే ఊరు మనది. నిన్న బొగ్గు ఎత్తిన డ్రైవర్, ఇవాళ అదే బకెట్‌ను అంతే నిండుగా ఖనిజంతో ఎత్తుతాడు. కంటికి కుప్ప ఒక్కలాగే ఉంటుంది, బండికి మాత్రం మూడింతలు.

ఇంకొంచెం లెక్క. ఆ 600 కిలోలు ముందు ఇరుసుకు మీటరుంపావు ముందు వేలాడుతున్నాయనుకుందాం. రెండు ఇరుసుల మధ్య దూరం సుమారు రెండు మీటర్లు. అప్పుడు ముందు ఇరుసు మీద పడేది 600 కాదు, 975 కిలోలు. ఆ తేడా 375 కిలోలు ఎక్కడి నుంచి వచ్చాయి? వెనక చక్రాల మీద నుంచి లేచిపోయాయి. లోడర్ సొంత బరువు ఈ లెక్కలో కలపనే లేదు. మన దగ్గర తిరిగే మామూలు ట్రాక్టర్లకు బ్రేకులు ఉండేది వెనక చక్రాలకే. అవి తేలికైపోతే పెడలు ఎంత తొక్కినా చక్రం ఆగుతుంది, బండి ఆగదు, జారుకుంటూ పోతుంది. పల్లంలో బకెట్ నింపుకుని దిగే బండి అదుపు తప్పిందంటే చాలాసార్లు బ్రేకుల తప్పు కాదు, వెనక బరువు లేకపోవడం. వెనక పనిముట్లు తగిలించే మూడు పాయింట్ల దగ్గర తగిన కాంక్రీటు దిమ్మో ఇనుప దిమ్మో తగిలించకుండా లోడర్ నడపకూడదు. వెనక టైర్లలో నీళ్లు నింపితే కొంత మేలే, అయితే దిమ్మకు అది బదులు కాదు. రోడ్డెక్కే ముందు కుడి ఎడమ బ్రేకు పెడళ్లను కలిపే గొళ్ళెం వేయడం మరవొద్దు. పొలంలో మలుపు కోసం విప్పిన గొళ్ళెం రోడ్డు మీద అలాగే ఉండిపోతే, వేగంలో ఒక్క పెడలు తొక్కగానే బండి పక్కకు తిరగబడుతుంది.

బకెట్ ఎత్తుతో వచ్చే ప్రమాదం వేరు. ట్రాక్టర్ నాలుగు చక్రాల మీద నిలబడినట్టు కనిపిస్తుంది గానీ, ముందు ఇరుసు మధ్యలో ఒక్క సెంటర్ పిన్ను మీద ఊగుతుంది. ఒరిగే లెక్కలో చూస్తే అది మూడు కాళ్ల పీటే. బకెట్ ఎత్తిన కొద్దీ బరువు పైకి పోతుంది, అప్పుడు ఒక వెనక చక్రం చిన్న గుంటలో దిగినా చాలు. నిండు బకెట్‌తో కదిలేటప్పుడు అది నేల నుంచి ఓ జానెడు, మహా అయితే మూరెడు ఎత్తులో ఉండాలి. ట్రక్కు పక్కకు చేరాక, బండి తిన్నగా నిలిచాక ఎత్తాలి. ఎత్తిన చేతులతో మలుపు తిప్పడం, వాలు మీద అడ్డంగా పోవడం, కొత్తగా పూడ్చిన మెత్తటి నేల అంచున నిలపడం, ఈ మూడింటిలో ఏది చేసినా బండి పక్కకు ఒరిగే ప్రమాదం ఉంది. చెట్ల దుంగలైతే మరీ జాగ్రత్త. బకెట్ పైకి లేచే కొద్దీ వెనక్కి వాలుతుంది, దుంగ చేతుల మీదుగా దొర్లుకుంటూ డ్రైవర్ ఒళ్లోకి వస్తుంది.

డ్రైవర్ నెత్తి మీద ఏముందో కూడా చూడండి. ఎండకు వేసుకున్న రేకు హుడ్డు నీడనిస్తుంది, తిరగబడిన రెండు టన్నుల బండిని ఆపదు. ఆపేది గట్టి గొట్టాలతో ఇరుసుకు బిగించిన రక్షణ చట్రం, దానితో పాటు పెట్టుకున్న సీటు బెల్టు. స్వీడన్ 1959లోనే కొత్త ట్రాక్టర్లకు ఆ చట్రం తప్పనిసరి చేసింది, ఆ తర్వాత కొన్ని దశాబ్దాల్లో అక్కడ బోల్తా చావులు దాదాపు కనుమరుగయ్యాయి. చట్రం లేని బండిలో మాత్రం బెల్టు కట్టుకోవద్దు, బండితో పాటే కింద పడిపోతారు.

ఇక రిపేరు సంగతి. ఈ ఊరు మరిచిపోకూడని రెండు తేదీలున్నాయి. 2012 జూన్ 13న విశాఖ ఉక్కు కర్మాగారంలో కొత్త స్టీల్ మెల్ట్ షాపు దగ్గర ఆక్సిజన్ వ్యవస్థను పరీక్షిస్తుండగా పేలుడు జరిగింది, 19 మంది పోయారు. 2020 ఆగస్టు 1న హిందుస్థాన్ షిప్‌యార్డులో 70 టన్నుల క్రేన్‌కు బరువు పరీక్ష చేస్తుండగా అది కూలింది, 11 మంది పోయారు. రెండూ పెద్ద సంస్థల్లో, ఇంజనీర్ల కళ్ల ముందు జరిగాయి. రెండు చోట్లా యంత్రం రోజువారీ పనిలో లేదు, పరీక్షలో ఉంది. యంత్రం మీద నమ్మకం ఇంకా కుదరని ఆ ఘడియలోనే దాని చుట్టూ మనుషులు ఎక్కువగా చేరతారు.

ట్రాక్టర్ లోడర్ దగ్గర అదే జరుగుతుంది, చిన్న కొలతలో. పైపు మార్చారు, చేతులెత్తే హైడ్రాలిక్ జాకీకి సీళ్లు వేశారు, చేతులకు వెల్డింగ్ పెట్టారు. ఇక ఒకసారి ఎత్తి చూద్దాం అంటారు. మెకానిక్ లోడర్ చేతుల కింద వంగి లీకు చూస్తుంటాడు, యజమాని పక్కన నిలబడతాడు, హెల్పర్ టార్చి పట్టుకుంటాడు, టీ తెచ్చిన పిల్లాడు కూడా అక్కడే. ఆ చేతుల్ని పైన నిలబెట్టింది పైపులో ఉన్న ఆయిల్ ఒక్కటే. పైపు పగిలినా, బిగింపు ఊడినా, ఇంజను ఆపి ఉండగానే ఎవరి మోచెయ్యో లివరుకు తగిలినా, బకెట్ రెప్పపాటులో కిందికి వస్తుంది. ఇంజను ఆపాం కదా అనుకోవడం ఇక్కడ పనికిరాదు. చేతులు పైకెత్తే చేయాల్సిన పని అయితే, చాపిన జాకీ రాడ్డు మీద తొడిగి పిన్ను వేసే ఇనుప ఆనిక పెట్టాలి. ఇటుకలు, దుంగలు, కారు జాకీ ఆనికలు కావు. రిపేరయ్యాక మొదటిసారి ఎత్తేటప్పుడు డ్రైవర్ తప్ప మిగతా అందరూ లోడర్ చేతులు చాచిన పొడవుకు రెండింతల దూరం పోవాలి. ఖాళీ బకెట్‌తో మూడు నాలుగు సార్లు ఎత్తి దించాక సగం బరువు, ఆ తర్వాతే నిండు బరువు.

లీకు ఎక్కడుందో వేలితో తడిమి చూసే అలవాటు మానుకోండి. ఈ పైపుల్లో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 150 కిలోలకు పైనే ఉంటుంది, కారు టైరులో ఉండేది సుమారు రెండు. సూదిమొనంత రంధ్రంలోంచి వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి కనిపించేది చీమ కుట్టినంత గాటు. నొప్పి కూడా మొదట పెద్దగా ఉండదు. మర్నాటికి వేలు వాచి నల్లబడుతుంది, ఆలస్యమైతే చెయ్యే తీసేయాల్సి వస్తుంది. లీకు వెతకాలంటే అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. ఆయిల్ గుచ్చుకుందన్న అనుమానం ఉన్నా పసుపో బామో రాసుకుని కూర్చోకుండా గంటల్లోనే కేజీహెచ్‌కో, సర్జరీ చేయగల మరో ఆసుపత్రికో వెళ్లాలి. ‘గాయమైంది’ అని ఊరుకోకుండా ‘ఒత్తిడితో ఆయిల్ లోపలికి పోయింది’ అని డాక్టర్‌కు స్పష్టంగా చెప్పాలి. ఆ ఒక్క మాట చెప్పకపోతే కట్టు కట్టి పంపేసే ప్రమాదం ఉంది.

మన ఉప్పుగాలి సంగతి వేరే ఊళ్ల మెకానిక్కులకు అర్థం కాదు. జాకీ రాడ్డు మీది మెరుగుకు ఉప్పు పట్టి చిన్న చిన్న గుంటలు పడతాయి, ఆ గుంటలు సీళ్లను కొరుకుతాయి, అక్కడి నుంచి లీకు మొదలు. పైగా బొగ్గు దుమ్ము. హైడ్రాలిక్ ఆయిల్ మూత విప్పే ముందు చుట్టూ తుడవకపోతే పంపులోకి ఇసుక పోసినట్టే. రాత్రి బకెట్ నేల మీద పెట్టి ఉంచితే చేతులెత్తే జాకీల రాడ్లు లోపలికి ముడుచుకుని ఉంటాయి, ఉప్పు వాటిని అంటదు. ప్రాణం కాపాడే అలవాటే సీళ్ల డబ్బులు కూడా మిగులుస్తుంది. రోజూ పొద్దున పిన్నులకు గ్రీజు, చేతులు బండికి కలిసే చోట బోల్టుల బిగువు, వెల్డింగు అతుకుల దగ్గర వెంట్రుకంత పగులు, ముందు టైర్ల గాలి, ఇవి చూడటానికి పది నిమిషాలు పడుతుంది. అరిగిన పిన్ను బదులు స్లాబు కడ్డీ ముక్క కోసి దూర్చిన బళ్లను చూశాం. అది పిన్ను కాదు, అప్పు.

ఇంకో దురలవాటు గురించి కాస్త కటువుగానే చెప్పాలి. నాయకుడు వచ్చినా, సినిమా హీరో వచ్చినా లోడర్ బకెట్లలోంచి పూలు కుమ్మరించడం మనకు వేడుకైపోయింది. పూలతో పాటు పైన ఇద్దరు కుర్రాళ్లు కూడా నిలబడి ఉంటారు. వినాయక చవితి మండపాలకు లైట్లు కట్టడానికీ అదే బకెట్. అది మట్టి ఎత్తే పనిముట్టు. అందులో మనిషిని ఎత్తిన డ్రైవర్‌ను, ఎత్తమన్న పెద్దమనిషిని ఆ ఊరివాళ్లే అక్కడికక్కడ ఆపాలి.

తుపాను తర్వాత పని చేసేవారికి మరో మాట. కిందపడిన తీగలో కరెంటు లేదని ఎవరు చెప్పినా నమ్మకండి, విద్యుత్ సంస్థ ఈపీడీసీఎల్ సిబ్బంది వచ్చి తీసేదాకా, లేదా 1912కు ఫోన్ చేసి సరఫరా ఆపించేదాకా బకెట్ అటు తిప్పకండి. ఎత్తిన లోడర్ చేతులు 11 కేవీ తీగకు తగిలితే సీట్లోంచి లేవొద్దు, దగ్గరకు రాబోయే వాళ్లను కేకేసి ఆపండి. మంటలు లేస్తే తప్పక దూకాల్సి వస్తుంది. అప్పుడు రెండు కాళ్లూ జోడించి, బండినీ నేలనూ ఒకేసారి తాకకుండా దూకి, కాళ్లు ఎత్తకుండా జరుపుకుంటూ దూరం పోవాలి.

అసలు తప్పు డ్రైవర్‌ది అనేసి ఊరుకోవడం మాకు ఇష్టం లేదు. ట్రిప్పుకింతని కూలి కడితే బకెట్ పొర్లేలా నింపడమే అతని బతుకు. పోర్టు గేటు లోపల బరువులెత్తే యంత్రాలకు పరీక్షలు, సర్టిఫికెట్లు ఉండాలని 1986 నాటి డాక్ కార్మికుల భద్రతా చట్టం నుంచీ నిబంధన ఉంది. గేటు బయట అదే పని చేసే ట్రాక్టర్ లోడర్‌ను నీ వెనక దిమ్మ ఏదని అడిగేవారు కనిపించరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. లోడర్ బిగించే ముందు ఆ సంగతి రవాణా శాఖ దగ్గర కనుక్కోని యజమాని, ప్రమాదం జరిగాక బీమా దగ్గర ఇబ్బంది పడతాడు. కాలువల పూడికకైనా తుపాను పనికైనా బళ్లు పిలిచే శాఖలు, కాంట్రాక్టర్లు మూడు ప్రశ్నలు అడిగి తీరాలి: వెనక దిమ్మ ఉందా, నెత్తిన రక్షణ చట్రం ఉందా, చేతులకు ఇనుప ఆనిక ఉందా. ఒక్కటి లేకపోయినా బండిని వెనక్కి పంపాలి. కూలి ట్రిప్పు లెక్కన కాకుండా గంట లెక్కన కట్టాలి.

అవన్నీ అయ్యేదాకా మీ చేతిలో ఉన్నది ఒకటుంది. ఇది చదవడం ముగించాక ఒకసారి బయటికెళ్లి మీ ట్రాక్టర్‌ను, లేదా మీ వీధిలో ఆపి ఉన్న దాన్ని చూడండి. బకెట్ గాలిలో ఉంటే డ్రైవర్‌ను లేపి దించమనండి.