టేకు మీద కాఫీరంగు

టేకు కర్రకు కాఫీరంగు ఎనామిల్ పూసేవాళ్లను శిక్షించే సెక్షను ఏ చట్టంలోనూ లేదు. ఉండి ఉంటే ఈ వారం పెనుబల్లి ఠాణాలో కూర్చుని ఫిర్యాదు మీద ఫిర్యాదు రాసిచ్చి వచ్చేవాణ్ని.

వి.ఎం.బంజర సెంటర్లో పాత సామాను కొనే ట్రాలీ ఆటో ఆగి ఉంది. విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు, తుప్పు పట్టిన కూలరు, గేటు ఊచలు. వాటి అడుగున ఒక పట్టెమంచం. కాళ్లకీ పట్టెలకీ మందంగా కాఫీరంగు. నవారు ఒరుసుకున్న చోట మాత్రం రంగు లేచిపోయి టేకు చారలు నిక్షేపంగా కనిపిస్తున్నాయి. ఎంతకు కొన్నావని అడిగితే ఆటో అతను దాచుకోలేదు. "పెయింట్ కొట్టినాక ఏ కర్రయితే ఏంది సార్, పొయ్యిలోకి కట్టెల లెక్కన ఇచ్చిండ్రు" అన్నాడు. అది ఏ కర్రో అతనికి తెలుసు. అమ్మినవాళ్లకే తెలియలేదు.

అతని మీద నాకు కోపం లేదు. వ్యాపారం అతనిది. ఆ మంచం ఏ పట్నంలోనో దిగుతుంది. అక్కడొకడు రంగు గోకేసి, పాలిష్ పట్టి, 'వింటేజ్' అని చీటీ తగిలించి, కట్టెల ధర మీద ఎన్ని రెట్లు వేసుకుంటాడో వేసుకుంటాడు. తమిళనాడులోని కారైకుడిలో చెట్టియార్ల మేడల సామాను ఇలా అమ్మే దుకాణాలతో వీధులే వెలిశాయి. నా కోపమంతా రంగు వేసిన చెయ్యి మీద. ఆ ఒక్క పూత లేకుంటే ఆ ఇంటివాళ్లు బేరమాడేవాళ్లు. రంగు కర్రను కాపాడుతుందని అందరూ చెబుతారు. మన ఊళ్లలో అది చేసిన పని కర్ర విలువను ఇంటివాళ్ల కంటికే కనబడకుండా చెయ్యడం.

ఈ సామాను ఇప్పుడే ఎందుకు బయటికొస్తోందో మన ఖమ్మం జిల్లావాళ్లకు చెప్పనక్కర్లేదు. 2024 మార్చి 11న భద్రాచలంలో ఇందిరమ్మ ఇళ్ల పథకం మొదలైంది. సొంత జాగా ఉన్నవాళ్లకు 5 లక్షల రూపాయలు. పెంకుటిళ్లు దిగుతున్నాయి, స్లాబులు లేస్తున్నాయి. సంతోషం. వానాకాలం కారే పెంకుల కింద ఎవరినీ ఉండమని అనను. పెంకులతో పాటు దూలాలు, ద్వారబంధాలు, భోషాణం, పడక్కుర్చీ కూడా దిగిపోతున్నాయి. కొత్త ఇంట్లో పందిరి మంచానికి చోటు లేదంటారు. నిజమే. పందిరి కోళ్లు తీసేస్తే చోటు సరిపోతుంది. పెద్ద దూలం కోస్తే రెండు బల్లలొస్తాయి. ఈ మాట చెప్పే వడ్రంగి దొరికేలోపు ట్రాలీ ఆటో వచ్చేస్తోంది.

ఆ కర్ర ఎక్కడిదనుకుంటున్నారు? కనకగిరి గుట్టలది, పాల్వంచ అడవిది, భద్రాచలం మన్యానిది. ఒకప్పుడు ఇదే టేకును తెప్పలు కట్టి గోదావరి మీద రాజమండ్రికి దించేవారు. నాటిన టేకు దూలానికి పనికొచ్చే చేవ రావాలంటే యాభై, అరవై ఏళ్లు పడుతుంది. కేరళలోని నిలంబూరులో బ్రిటిష్ కలెక్టరు కానలీ 1840లలో టేకు తోట నాటించాడంటే, తాను కొట్టడానికి కాదని ఆయనకూ తెలుసు. టేకు చేవలోనే నూనె ఉంటుంది. చెద అంత తొందరగా ముట్టదు, నీటికి అంత తొందరగా ఉబ్బదు. తనను తాను కాపాడుకునే కర్రకు మనం కాపలా పెట్టింది ఎనామిల్ డబ్బాని.

ఈ అలవాటు ఎలా వచ్చిందో చూస్తే నవ్వొస్తుంది. పండక్కి ఇంటికి సున్నాలు, తలుపులకు రంగు. తలుపులు, కిటికీలు అయ్యాక డబ్బా అడుగున కాస్త మిగులుతుంది. పారబొయ్యడానికి ప్రాణం ఒప్పదు. "దీన్ని మంచానికి కొట్టు నాయనా" అంటుంది ఇంటావిడ. మరుసటి ఏడు మళ్లీ మిగులుతుంది, ఈసారి కుర్చీకి. మన సగం ఇళ్లలో కర్ర సామాను రంగును నిర్ణయించింది ఎవరి అభిరుచీ కాదు, డబ్బా అడుగున మిగిలింది.

ఆ పొరల్లో ఇంకో సంగతి ఉంది. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని కేంద్రం 2016లో నిబంధనలు తెచ్చింది. అవి 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అంటే అంతకు ముందు పూసిన ప్రతి పొరనూ అనుమానించాల్సిందే. పిల్లల ఒంట్లోకి సీసం ఇంత వరకు వెళ్లినా ఫరవాలేదనే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. అలాంటి రంగును వరండాలో పిల్లలు ఆడుకుంటుండగా పొడి సాండ్‌పేపరుతో రుద్దుతున్నాం. బ్లో ల్యాంపుతో కాల్చి పొగ పీలుస్తున్నాం. రంగు వెయ్యడం ఒక తప్పయితే, తియ్యడం తెలియకపోవడం రెండో తప్పు.

తియ్యడం ఎలాగో చెబుతాను. ఇంట్లో ఓపికున్న మనిషి ఒకరుంటే చాలు, మేస్త్రీ అక్కర్లేదు. మొదట రంగు జోలికి పోవద్దు. మంచం ఊగుతుంటే అతుకులు విప్పి, పాత జిగురు గోకి, కొత్త జిగురు పెట్టి, తాడుతో బిగించి ఒక రోజు వదిలెయ్యండి. ఇనుప మేకులు దిగ్గొట్టొద్దు, కర్ర చీలుతుంది. తర్వాత పెయింట్ రిమూవర్ రాసి, పొర ఉబ్బాక రేకుతో మెల్లగా లాగండి. ఆరుబయట, ముక్కుకు మాస్కు కట్టుకుని, పిల్లలను దూరం పంపించి. కాస్టిక్ సోడా చవకని దాన్ని వాడకండి, టేకు నల్లబడిపోతుంది. మిగిలిన మరకలను వాటర్ పేపరుతో తడిపి రుద్దండి, దుమ్ము లేవదు. గోకిన పెచ్చులను పెరట్లో పారెయ్యకుండా కాగితంలో చుట్టి కట్టెయ్యండి. కర్ర బాగా ఆరాక 120 నంబరు, 180, చివర 220. ఎప్పుడూ చారల వెంబడే, అడ్డంగా రుద్దితే పాలిష్ పట్టాక ప్రతి గీతా పైకి తేలుతుంది. పగుళ్లలో లప్పానికి అదే కర్ర పొట్టును ఫెవికాల్‌తో కలిపి కూరితే రంగు కలుస్తుంది. టేకు నూనె కర్ర కాబట్టి పాలిష్‌కు ముందు థిన్నర్ గుడ్డతో ఒకసారి తుడవాలి, లేకుంటే పూత పట్టదు. స్టెయిన్ అంటారా, టేకుకు దాని అవసరమే తక్కువ. చేవకూ తెల్లచెక్కకూ రంగు తేడా ఎబ్బెట్టుగా ఉన్న చోట మాత్రం పల్చగా ఒక చెయ్యి.

ఇక పైన ఏం పూయాలి? నా పాఠకులకు నా పిచ్చి తెలుసు, కాబట్టి విసుక్కోకుండా వినండి. లక్క.

మెలమైన్, పీయూ అని దుకాణంలో ఊదరగొడతారు. వాటికి స్ప్రే గన్ కావాలి, కంప్రెసర్ కావాలి, చేసేవాడికి ఊపిరితిత్తులు గట్టివి కావాలి. లక్కకు కావలసింది సీసా, గుడ్డ, ఓపిక. లీటరు స్పిరిట్‌లో పావుకిలో లక్క పెచ్చులు వేసి రాత్రంతా నాననివ్వండి. గాజు సీసాలోనే. ఇనుము తగిలితే లక్క నల్లబడుతుంది. పొద్దున వడకట్టి, దూదిని పాత పంచె గుడ్డలో చుట్టి, పల్చగా, వేగంగా, ఆగకుండా రుద్దుకుంటూ పోవాలి. దగ్గర్లో పొయ్యి వెలగకూడదు. ఒకటే మందపు పూత కన్నా పల్చటి పూతలు పది మేలు. ముసురు పట్టిన రోజు మొదలుపెడితే పూత తెల్లబారుతుంది. మండు వేసవిలో స్పిరిట్ చెయ్యి తిరిగే లోపే ఎగిరిపోతుంది. మన వైపు దీనికి మంచి కాలం కార్తీకం నుంచి మాఘం దాకా. లక్కకు లోపం లేదని కాదు. వేడి గ్లాసు పెడితే మచ్చ పడుతుంది, నీళ్లు నిలిస్తే తెల్లబడుతుంది. టీ బల్లకు అది వద్దు. మంచానికీ కుర్చీకీ భోషాణానికీ దాన్ని మించింది లేదు. పదేళ్లకు మసకబారితే మళ్లీ గోకక్కర్లేదు, స్పిరిట్ గుడ్డతో తుడిస్తే పాత పూతే కరిగి కొత్తగా కూర్చుంటుంది. ఏ పీయూ చేస్తుందా పని?

పైగా లక్క పెరిగేది చెట్ల మీద. మోదుగ, రేగు కొమ్మల మీద చిన్న పురుగు పెట్టే గూడు అది. ఫాల్గుణంలో అడవి వైపు చూడండి, మోదుగ పూసి ఎర్రబడని గుట్ట ఉండదు. లక్క మాత్రం జార్ఖండ్ నుంచి దిగుమతి. పాతకాలపు 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ రికార్డులు చేసింది లక్కతోనే. హైదరాబాద్ లాడ్‌బజారు లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. ఏటికొప్పాకలో బొమ్మల కోసం అంకుడు కర్రను లేతు మీద తిప్పుతూ లక్క కర్రను ఒత్తి పట్టుకుంటే ఆ రాపిడి వేడికే కరిగి రంగు అంటుకుంటుంది. ఆ బొమ్మలకు 2017లో జీఐ వచ్చింది. వాటికి ప్రకృతి రంగులు తిరిగి తెచ్చిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. కేంద్రం 2013–14లో చిన్నతరహా అటవీ ఉత్పత్తులకు మద్దతు ధర పథకం పెట్టినప్పుడు జాబితాలో లక్క ఉంది, కరక్కాయ ఉంది. ఎన్నికలొస్తే తునికాకు బోనస్ గురించి ప్రతి పార్టీ మాట్లాడుతుంది. మన మోదుగల మీద లక్క పెంచుదామన్న మాట ఒక్క వేదిక మీద నేను వినలేదు.

కరక్కాయ అన్నాను కాబట్టి ఇంకొక మాట. రంగు అంటేనే నాకు గిట్టదని అనుకోకండి. మామిడి చెక్క బల్లకు, ప్లైవుడ్ అరకు నిక్షేపంగా రంగు వెయ్యండి, నీలమో పచ్చో మీ ఇష్టం. ఆ కర్రలో చూడాల్సింది పెద్దగా లేదు, పైగా మామిడిని పురుగు వదలదు. నల్లతుమ్మ కుర్చీకి నలుపు కావాలంటే డబ్బా కొననక్కర్లేదు. కలంకారీ పనివాళ్లు ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో ఊరబెట్టి, ఆ నీళ్లతో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద గీస్తే నల్లబడుతుంది. ఆ కిటుకు వగరున్న కర్రకూ పనికొస్తుంది. ఆ నలుపు పైన కూర్చునేది కాదు, కర్రలోకి దిగుతుంది. చారలు చెక్కు చెదరవు. స్టెయిన్‌కూ పెయింట్‌కూ ఉన్న తేడా అంతా అదే.

సరే, పాత మంచం అమ్మి ఏం కొంటున్నారు? నెలవారీ వాయిదాల మీద పొట్టు చెక్క మంచం. 2018 ఆగస్టు 9న ఐకియా దేశంలో తొలి దుకాణం హైదరాబాద్‌లో తెరిస్తే జనం తొక్కిసలాడుకున్నారు. వాళ్ల డబ్బాలోని సామానును ఇంటికి తెచ్చుకుని, కాగితం చూసుకుంటూ స్క్రూలు బిగించుకునే ఓపిక మనకుంది. తాతగారి కుర్చీకి సాండ్‌పేపరు పట్టే ఓపిక మాత్రం లేదు! పొట్టు చెక్కను ఒకసారి తడిపి చూడండి, అంచులు ఉబ్బి పేలిపోతాయి. స్క్రూ ఒకసారి ఊడితే ఆ బెజ్జం మళ్లీ పట్టదు. వాయిదాలు తీరేలోపు మంచం తీరిపోతుంది.

ఆ మాటకొస్తే మన నేల కూడా అటే మళ్లింది. 1979లో సారపాకలో కాగితం మిల్లు వచ్చాక జామాయిల్, సుబాబుల్ తోటలు జిల్లా అంతా పరుచుకున్నాయి. నాలుగేళ్లకు కొట్టుడు, డబ్బు చేతికి. అటు సత్తుపల్లి, అశ్వారావుపేట వైపు పామాయిల్. రైతును తప్పుపట్టలేను. టేకు వేసినవాడు ఏం అనుభవిస్తున్నాడో చూస్తూ ఎవడు వేస్తాడు? 2015లో మొదలైన హరితహారంలో గట్ల మీద నాటుకొమ్మని టేకు మొక్కలు పంచారు. నాటినప్పుడు ఫొటోలు. కొట్టే రోజు వస్తే సొంత గట్టు మీద సొంత చెట్టుకు వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి, కదిలించడానికి 1970 నాటి నిబంధనల కింద రవాణా పర్మిటు. ఆ కాగితాల చుట్టూ తిరగలేక రైతు నిలువు చెట్టును దళారికి వచ్చినకాడికి అమ్ముకుంటాడు. దళారికి పర్మిటు ఎలా దొరుకుతుందో అడగకండి. 2017లో కేంద్రం అడవి బయట పెంచిన వెదురును చెట్ల జాబితా నుంచి తప్పించింది, కొంప మునగలేదు. పట్టా భూమిలో నాటి, పహాణీలో రాయించుకున్న టేకుకూ ఆ స్వేచ్ఛ ఇవ్వొచ్చు. దొంగ టేకును ఆపే చెక్‌పోస్టు నిజమైన రైతును భయపెట్టడానికి తప్ప దేనికీ పనికిరాకపోతే, దాని గేటుకే కాఫీరంగు వేసి ఊరుకోవచ్చు.

చట్టం మారేదాకా మంచం ఆగదు. ట్రాలీ ఆటో రేపు మీ వీధికీ వస్తుంది. అతను ధర చెప్పేలోపు మంచం కోడు అడుగున, ఎవరికీ కనబడని చోట, రూపాయి బిళ్లంత మేర రంగు గోకి చూడండి. కింద టేకు కనిపిస్తే అమ్మకండి. అమ్మక తప్పకపోతే కట్టెల ధరకు మాత్రం ఇవ్వకండి.