శశిరేఖ నడక
1957లో విజయా సంస్థవారు వెలువరించిన ‘మాయాబజార్’ ప్రసక్తి వచ్చినంతనే మిత్రులందరును ఘటోత్కచుడైన రంగారావుగారి విందుభోజనమును తలచుకొని లొట్టలు వేయుదురు గాని, ఘటోత్కచుడు శశిరేఖ రూపము దాల్చిన పిమ్మట, పెండ్లి సంబరపు పాటలో సుశీలగారి కోమలస్వరమును త్రోసికొని ఘంటసాలవారి మగగొంతు పెల్లుబుకగా, అంతదనుక లజ్జావతియై మెలగిన కన్యక ఒక్క పెట్టున భుజములు విరిచి రాక్షసుని ఠీవి పూనుటయు, అంతలోనే మరల సిగ్గుల మొలక యగుటయు కన్నులార చూచినవాడను గనుక, ఆ చిత్రమున ఉత్తమ ఘటోత్కచుడు శశిరేఖ పాత్రధారిణి సావిత్రియే యని నా మొండివాదము. రంగారావుగారి అభిమానులు (వారిలో నేనును ఒకడనే) నన్ను క్షమింతురు గాక. ఆ మహాకాయుని నడక లేనిదే ఈమె అనుకరణకు మూల మెక్కడిది? పాండవుల బంధువర్గపు కథను చెప్పుచు, పాండవులలో ఒక్కనినైనను తెరమీదికి రానీయని దర్శకులు కె.వి. రెడ్డిగారి గడుసుదనమును గూర్చి వేరొకమారు ముచ్చటించెదను. 2010లో ఈ చిత్రమునకు రంగులద్ది మరల విడుదల చేసినప్పుడు నేనును ఉబలాటముగనే పోయితిని గాని, నౌకావిహార ఘట్టము రాగానే, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే నలుపు తెలుపులతోనే కురిపించిన ఆ వెన్నెలకు పట్టిన అలంకారమును చూడనొల్లక, కన్నులు మూసికొని పాట మాత్రము వింటిని.